కాంటాకెక్కిన అక్షరాలు

ఉపేందర్‌రావు నా అక్షరాలను తూకానికి అమ్మిన నాటి నుంచి నేను ఆయన ప్రెస్సు ఉన్న బజారులో అడుగు పెట్టలేదు. కూరగాయలకు పోవాలన్నా చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

కరీంనగర్‌లోని ఆ ప్రెస్సులో ఇరవై రెండేళ్లు సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా చేశాను. బి.ఎ. పాసై సీసం ఏరుకోవడమేందని మా ఊళ్లో నవ్వేవాళ్లు. నవ్వనీ. సీసపు అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. దాన్ని కళ్లతో చూసి పేర్చేవాడికి పొద్దుగూకే సరికి ఒక పేజీ కూడా కాదు. ప్రతి అక్షరం నడుము మీద ఒక గాటు ఉంటుంది. బొటనవేలికి ఆ గాటు తగిలితే అక్షరం సరిగ్గా నిలబడ్డట్టు, తగలకపోతే తలకిందులైనట్టు. ఆ గాటు మీదనే నా సంసారం నడిచింది.

తొంభై ఆరు ఎండాకాలంలో కంప్యూటర్ వచ్చింది. హైదరాబాద్ ఇంజనీరు డబ్బా విప్పి బిగిస్తుంటే టార్చిలైటు పట్టుకుని నిలబడ్డది నేనే. లోపల రెండు హార్డ్ డిస్కులు పెట్టాడు. ఒకటి పనికి, రెండోది ఆ పని నకలు దాచడానికి. రెండింటికీ కలిపి మూడు వేళ్ల వెడల్పున పట్టీలాంటి తీగ ఒకటే. దాని ఒక అంచు పొడవునా ఎర్రగీత. ఆ గీత ఏ కొసకు ఉండాలో ఇంజనీరు చెప్తున్నప్పుడు ఉపేందర్‌రావు చాయ్ పురమాయించే పనిలో ఉన్నాడు. నేను విన్నాను. ఇదీ గాటే కదా అనుకున్నాను.

వారం తిరక్కముందే ఎదురుగా ఉన్న నజీరుద్దీన్ పాత సామాను దుకాణానికి నా అక్షరాలు బస్తాల్లో పోయాయి. కాంటా పళ్లెంలో కుప్ప పోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. అక్షరాలు పేర్చే స్టిక్ ఒక్కటి ఇవ్వమని అడిగాను. ఇరవై రెండేళ్లు నా ఎడమచేతిలో అరిగిన ఇనుప ముక్క అది. ఉపేందర్‌రావు దాన్ని నా చేతిలోంచి తీసుకుని పళ్లెంలోకి విసిరాడు.

"సీసం పట్టిన చేతులు నీయి. అవి గీ మిషన్ మీద పడొద్దు. ఇగ ఇంటికాడ కూసో రాజం."

బజారంతా విన్నది. కొందరు నవ్వారు.

దసరా వెళ్లిన మూడో రోజు అనసూర్య మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది ఆ పిల్లే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. మిషన్ ఆన్ చేస్తే హార్డ్ డిస్కు లేదని ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చి ఆగిపోతోందట. రెండు డిస్కుల్లో ఒక్కటీ దానికి కనబడటం లేదు. జిల్లా బడుల అర్ధసంవత్సర పరీక్షల ప్రశ్నపత్రాలన్నీ వాటిలోనే ఉన్నాయి. చేతిరాత ప్రతులు సీలు వేసి వాపసు పంపేశారు. ఎల్లుండికి అచ్చేసి ఇవ్వకపోతే ఆ పని మళ్లీ ఆ ప్రెస్సు గడప తొక్కదు. ఇంజనీరు వారం దాకా రానన్నాడు. తప్పంతా నీదేనని సారు ఈ పిల్ల మీద విరుచుకుపడ్డాడు.

డబ్బా ఎవరు విప్పారని అడిగాను.

"ఆయుధపూజ నాడు సారే విప్పిండు కాకా. గుడి తలుపుకు బొట్టు పెడ్తే దేవునికి ముడ్తదా అన్నడు. తీగలు పీకి, లోపలంత తుడ్చి, పసుపు కుంకుమ పెట్టి మళ్ల తగిలించిండు."

ఇంట్లోంచి కదలకుండానే నాకు రోగం దొరికింది. ఇంకో చాయ్ పెట్టించుకుని నిమ్మళంగా తాగాను. సారే వచ్చి పిలిస్తే వస్తానని చెప్పి పంపాను.

సారు వచ్చాడు. గడప బయటే నిలబడి జేబులోంచి వాడిపోయిన జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టాడు. దసరాకు జమ్మి ఇచ్చుకుంటే పగవాళ్లయినా అలాయ్‌బలాయ్ అని కౌగిలించుకోవాలి. ఆకును కిటికీలో పెట్టి చెప్పులు తొడుక్కున్నాను. ఆయన చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

ప్రెస్సులో డబ్బా విప్పాను. అనుకున్నట్టే ఎర్రగీత ఉండాల్సిన కొసకు లేదు. పట్టీ నిండా కుంకుమ. తీసి తిప్పి పెడితే రెండు నిమిషాల పని. పెట్టలేదు. మరలు విప్పి రెండు డిస్కులూ బయటికి తీసి ఉపేందర్‌రావు చేతుల్లో పెట్టాను.

"ముందుగాల వీటిని నజీరుద్దీన్ కాంట మీద తూకం వేయించాలె సార్. మీ చేతులతోనే పట్కపోండ్రి. కింద పడితే లోపలున్నయన్ని పోతయ్."

పక్కనున్న భార్య జానకీబాయి ఏదో అనబోతే ఆయన తల అడ్డంగా ఊపి బయటికి నడిచాడు. పురిటి బిడ్డను మోసినట్టు రెండు డిస్కులనూ ఛాతీకి ఆనించుకుని బజారు దాటాడు. నేను వెనకే నడిచాను. కిరాణా కొట్టువాడు పొట్లం కట్టడం ఆపి చూశాడు. దర్జీ మిషన్ ఆగింది.

నజీరుద్దీన్ నా ముఖం చూశాడు, ఆయన ముఖం చూశాడు. పళ్లెం తుడిచి తూకం వేశాడు.

"కిలోకు జర ఎక్కువుంది రావుసాబ్. అల్మీనం ధర కట్టిస్త. అమ్ముతరా?"

ఈసారి బజారు నవ్వింది నన్ను చూసి కాదు.

"రాజం, ఇగ చాలు" అన్నాడు ఉపేందర్‌రావు, నాకు మాత్రమే వినబడేటట్టు.

"నా స్టిక్ కూడ గిదే పళ్లెంల పడ్డది సార్" అన్నాను నేను, అందరికీ వినబడేటట్టు.

వెనక్కి వచ్చాక అందరినీ బయటికి పంపి తలుపు వేయించాను. అనసూర్యను ఒక్కదాన్నే లోపల ఉంచుకున్నాను. డిస్కులు బిగించి, ఆ పిల్ల బొటనవేలు పట్టి ఎర్రగీత పొడవునా జరిపించి, ఆ గీత ఏ కొసకు ఉండాలో చూపించాను. తన చేతులతోనే తీగ తగిలించింది. మిషన్ ఆన్ చేస్తే తెర మీద రెండు డిస్కులూ ఒకదాని కింద ఒకటి పేరు చెప్పుకున్నాయి.

తలుపు తీయగానే ఏమైందని ఉపేందర్‌రావు అడిగాడు. నా రెండు చేతులూ ఆయన ముందు చాపాను.

"సీసం పట్టిన చేతులకు దొరికింది సార్. మీకు దొరకది."

ఆ పూట చుట్టు తిరగకుండా బజారు నడిమధ్య నుంచి ఇంటికి వచ్చాను.

దసరా ఏటా వస్తుంది. ఉపేందర్‌రావు దేవునికి బొట్టు పెట్టకా మానడు, డబ్బా విప్పకా మానడు. ఆ నాడు తీగ సరిచేసినందుకు సారును ఏం అడగాలో ఇప్పటినుంచే ఆలోచించి పెట్టుకొమ్మని అనసూర్యతో చెప్పాను.