అమెరికా తరఫున ఒక మెత్తని పాట

శాక్సఫోన్‌కి మీసాలుంటాయా ఏమన్నా? ఊదేది ఊపిరి. దానికి మళ్ళీ మగతనం ఒకటా... శాక్సఫోన్ మూతికి బిగించే రెల్లుబద్దని, రీడ్‌ని, నాలుకతో తడుపుతూ హాలిస్ గ్రీర్ ఇదే ఆలోచిస్తున్నాడు.

కాన్సస్ సిటీలో నల్లజాతి వాద్యకారుల సంఘం హాలు ఆ ఆదివారం మధ్యాహ్నం కిక్కిరిసిపోయింది. వేదిక మీద హాలిస్‌కి పోటీగా వచ్చిన ఏమస్ శాక్సఫోన్ ఊదుతున్నాడు. ఊదటం కాదది, కిటికీ అద్దాలను బెదిరించటం. ముందు వరసలో వాషింగ్టన్ నుంచి వచ్చిన తెల్లదొర కాలు ఆడిస్తున్నాడు. ప్రభుత్వం విదేశాలకు పంపే జాజ్ బృందంలో శాక్సఫోన్‌కి ఒక్క చోటే మిగిలింది. "మన దేశపు సత్తా వాళ్ళకి తెలియాలి. మగాడిలా వాయించేవాడు కావాలి," అని ఆయన ముందే చెప్పేశాడు.

ఆ చోటు హాలిస్‌కి కావాలి. ఎదుటి హోటల్లో కాఫీ అడిగితే వెనక గుమ్మం చూపించే దేశం తరఫున ఏదో ఒక రాజభవనంలోకి ముందు గుమ్మంలోంచి నడవాలని ఉంది. తలుచుకుంటేనే నవ్వొస్తోంది.

ఏమస్ ముగించి చెమట తుడుచుకున్నాడు. "రారా హాలిస్! మీ ఆవిడ లేస్తుందని భయపడకు, ఇది మీ ఇల్లు కాదు!"

హాలు గొల్లుమంది. నిజమే. ఆమె నర్సు. రాత్రంతా ఆసుపత్రిలో పనిచేసి పగలు పడుకుంటుంది. ఆమె నిద్ర చెడకుండా అతని సాధనంతా కోట్లు తగిలించే బీరువాలో తల దూర్చే. ఆ మెత్తదనం అలాగే అబ్బింది.

"మా ఆవిడదేముందన్నా, నీ దెబ్బకి శ్మశానంలో వాళ్ళు లేస్తున్నారు!"

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. పియానో దగ్గర వెర్నీటా కళ్ళు తుడుచుకుంది. "చాల్లే కబుర్లు. అదే వేగం కదా తమ్ముడూ?"

అదే వేగం. ఆ హాల్లో రెండోవాడు మొదటివాడి వేగంలోనే బదులివ్వాలి. తగ్గిస్తే వెన్ను చూపినట్టే లెక్క.

దేశమంటే అరుపేనా? తన మంగలి షాపులో నాన్న ఎంత మెల్లగా మాట్లాడేవాడంటే, ఆ మాట వినటానికి అందరూ నోళ్ళు మూసుకునేవారు. ఆయన మగాడు కాడా? అమెరికావాడు కాడా? ఏమస్‌లా ఊది గెలిస్తే విమానమెక్కేది ఇంకో ఏమస్. హాలిస్ ఇక్కడే, ఆ కోట్ల మధ్యే మిగిలిపోతాడు.

"నిద్రపోయావా తమ్ముడూ?" అంది వెర్నీటా.

హాలిస్ ఒక చేత్తో శాక్సఫోన్ పట్టుకున్నాడు. రెండో చేతిని వెర్నీటా వైపు చాచి, వేగం తగ్గించమన్నట్టు అరచేయి నేలవైపు తిప్పి, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా కిందికి దించాడు.