చేపల వంతు

మూడు రోజులుగా ఆకాశం మూత పెట్టిన కుండలా ఉంది. వాన పడలేదు, ఎండ కాయలేదు, ఆకు కదలలేదు. పొద్దున్నే మేత గంపతో చెరువు కట్ట ఎక్కిన వీరస్వామి నీళ్లు చూసి ఆగిపోయాడు. చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. మబ్బు పట్టిన నాడు నీళ్లలో ఊపిరి తగ్గుతుంది. అప్పుడు మేత చల్లితే అవి తినవు. అది అడుగుకు చేరి కుళ్లి, ఉన్న ఊపిరిని కూడా తీస్తుంది. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. పోయినేడు ఇట్లాంటి మబ్బుల్లోనే చచ్చిన చేపలు చెరువంతా తెల్లగా తేలితే చూసి తెలుసుకున్నాడు.

అప్పుడే పక్కింటి సమ్మక్క కట్ట మీదికి వచ్చింది. ఉరికి రాలేదు, మెల్లగా నడిచి వచ్చింది. ఆ నడకతోనే అతనికి సంగతి తెలిసిపోయింది.

"ఇంటికి రా అన్నా. పసిది పోయింది."

గంపను కట్ట మీది గుడిసెలో దించి ఆమె వెనకే నడిచాడు.

పసిది అతని కూతురు రుక్కి బిడ్డ. తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చి రుక్కి కన్నది. ఇరవై రెండు రోజులు బతికింది. తల్లికి పాలెండిపోయాయి, అంతే.

వడ్లు రోట్లో దంచిన కాలం నుంచీ నూకలూ తవుడూ దంచినవాళ్లవే. రోళ్లు మూలకు పడి, రఘునాథ్ దొర రైసుమిల్లు పెట్టినా ఆ వరుస తప్పలేదు. బియ్యం చెరిగే ఆడవాళ్లకు రోజుకు మూడు రూపాయల కూలి, పొద్దుగూకి పోయేటప్పుడు చేట కింద రాలిన నూకలు కొంగులో. కూలి ఉప్పుకూ మిరపకాయకూ పోయేది. ఇల్లు నిలిచింది నూకలు ఉడికించి చేసే గట్కతోనే. వీరస్వామి భార్య యాకమ్మ పదకొండేళ్లు ఆ కొంగుతోనే సంసారం ఈదింది.

రెండేళ్ల కింద దొర, చేపలు పట్టేవాళ్ల సొసైటీ పేరు పెట్టి చెరువు తన చేతిలోకి తీసుకున్నాడు. చేపపిల్లలు పోయించాడు. నూకలు, తవుడు, పల్లిచెక్క కలిపి వేస్తే ఏడాదికి చేప కిలో తూగుతుందనీ, కిలో ఏడు రూపాయలు పలుకుతుందనీ ఎవరో చెప్పారట. ఆనాటి నుంచి మిల్లు గడప దగ్గర ఆడవాళ్ల కొంగులు దులిపించడం మొదలైంది.

మేత చల్లే పని వీరస్వామికి దొరికింది. గుప్పెడు మేత కూడా ఇంటికి పోనియ్యనని కట్టమైసమ్మ గద్దె మీద చెయ్యి పెట్టించి దొర ఒట్టు వేయించాడు. ఊళ్లో ఇంతమంది ఉండగా తనను నమ్మాడని వీరస్వామి ఆ ఒట్టు గర్వంగానే వేశాడు.

వారం కింద యాకమ్మ అడిగింది.

"బాలెంతకు పాలు గుంజుకపోతున్నయి. దోసెడు నూకలు తేరాదు? చేపలేమన్న లెక్కపెడ్తయా?"

"మైసమ్మ లెక్కపెడ్తది," అన్నాడు వీరస్వామి.

ఆమె మళ్లీ అడగలేదు. జొన్నగంజి ఇంకొంచెం పలచన చేసి కూతురికి పోసింది.

మధ్యాహ్నానికి చెరువు వెనక గుంత తవ్వి పసిదాన్ని పెట్టాడు. మూరెడు గుంత. తవ్వడానికి ఎంతో సేపు పట్టలేదు. తర్వాత స్నానానికి నీళ్లలో దిగితే చుట్టూ చేపలు నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి.

తడిబట్టలతో కట్ట ఎక్కేసరికి దొర గుడిసె ముందు నిలబడి ఉన్నాడు. పసిదాని సంగతి విన్నానన్నాడు. పాపమన్నాడు. అయినా నోరులేని జీవాలను పస్తు పెట్టకూడదన్నాడు.

"చూడురా, ఆకలికి ఎట్ల అల్లాడుతున్నయో. రేపు చేపలు కొనే సేటు తూకానికి వస్తడు. రెండు గంపలు చల్లు."

అది ఆకలి కాదని పోయినేడే చెప్పి చూశాడు వీరస్వామి. అప్పుడు దొర నవ్వాడు. ఈసారి వీరస్వామి గుడిసెలోకి పోయి గంప నెత్తికెత్తుకుని ఊరి దిక్కు మళ్లాడు.

"ఎటురా?"

"చేపలు ఇయ్యాల తినయి దొరా. మా ఇంట్ల తింటరు."

"మైసమ్మ మీద పెట్టిన ఒట్టు యాదికి లేదా?"

"ఉన్నది. గద్దె ముంగటికెల్లే పోతున్న."

అట్లాగే పోయాడు.

వాకిట్లో దించిన గంపను యాకమ్మ చాలాసేపు చూసింది. ఎందుకు తెచ్చావని అడగలేదు. ఇన్నాళ్లూ ఎందుకు తేలేదనీ అడగలేదు. చేట అందుకుని చెరగడం మొదలుపెట్టింది. తవుడు ఎగిరిపోయింది, చెక్కపొడి ఒక పక్కకు చేరింది, నూకలు తెల్లగా చేట మధ్యకు వచ్చాయి. పదకొండేళ్ల చేతులు. కళ్లు ఎక్కడ ఉన్నా వాటి పని అవి చేసుకుపోయాయి.

చావింట్లో పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగు వండి తేవాలి. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ తేలేదు. తేవడానికి వాళ్ల కుండలూ ఖాళీయే. సమ్మక్క వచ్చి చేటలోని నూకలు తన గిన్నెలోకి ఎత్తుకుంది.

"నూకలు మీయి, పొయ్యి నాది," అంది.

పొద్దు వాలేసరికి గట్క వచ్చింది. సమ్మక్కతో కలిపి నలుగురూ కూర్చున్నారు. బాలెంతకు ముందు పెట్టడం వరుస. యాకమ్మ గంటె దానంతటదే రుక్కి పళ్లెం మీదికి పోయింది. తల్లికొకటి, బిడ్డ పాలకొకటి. రెండో గంటె వేసిన తర్వాత ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది.

రుక్కి పళ్లెం వంక చూసింది. కాసేపటికి ఆ పిల్ల ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అప్పుడు మిగతావాళ్లు తినడం మొదలుపెట్టారు.

బయట దొర మనిషి వచ్చి వీరస్వామిని పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు.

ఎవరూ లేవలేదు. తింటూనే ఉన్నారు.