వాన పన్ను, టమాటా మడి

నీళ్ల బిల్లులో వాన పన్ను రెట్టింపైందని చూడగానే ఆర్లండ్‌కి అనుమానం వచ్చింది ఊరి ఆఫీసు మీద కాదు, కంచె అవతలి వెర్లిన్ మీద.

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో వాన పన్ను సంగతి తెలియనివాళ్లు లేరు. మన స్థలంలో పడ్డ వాన నేలలో ఇంకితే గొడవ లేదు. ఇంటి కప్పు మీదా సిమెంటు మీదా పడి వీధి కాలవలోకి పారితే మాత్రం కాలవ ఖర్చు మనం కట్టాలి. ఎంత కప్పుంటే అంత పన్ను. ఆర్లండ్ కొత్తగా తట్టెడు సిమెంటు కూడా పోయించలేదు. మరి పన్నెలా పెరిగింది?

కిందటి నెలలో నారింజరంగు చొక్కా మనిషొకడు వీధిలోకి వచ్చాడు. వెర్లిన్ వాడితో మాట్లాడుతూ ఆర్లండ్ పెరటివైపు వేలు చూపించాడు. వంటింటి కిటికీలోంచి ఆర్లండ్ కళ్లారా చూశాడు.

"పోయి అడగరాదూ?" అంది భార్య ఐడెల్లా.

"నువ్వు దొంగవా అనడిగితే ఏ దొంగైనా ఔనంటాడా?"

"ఏటేటా మన వాకిట్లో మంచు తోసే మనిషి దొంగా?"

"తోస్తూ తోస్తూ కొలుచుకున్నాడేమో!"

ఆ శుక్రవారం చర్చి హాల్లో ఊరందరికీ చేపల వేపుడు విందు. ఎప్పుడూ ఆర్లండ్, వెర్లిన్ ఒకే బండిలో వెళ్లేవాళ్లు. ఈసారి ఆర్లండ్ ఒక్కడే వెళ్లి ఓ మూల కూర్చున్నాడు. వెర్లిన్ పళ్లెం పట్టుకొచ్చి పక్క కుర్చీ లాగాడు.

"అది ఖాళీ లేదు," అన్నాడు ఆర్లండ్.

"ఎవరొస్తున్నారేంటి?"

"నీకెందుకు? పోయి ఆఫీసోళ్లకి చెప్పుకో!"

పక్కవాళ్లంతా తిరిగి చూశారు. వెర్లిన్ ముఖం ఎర్రబడింది. తినకుండానే వెళ్లిపోయాడు.

సోమవారం ఆర్లండ్ ఆఫీసుకెళ్లి తగువుకి దిగాడు. గుమాస్తా మార్వెల్లా, కిందటి చలికాలంలో విమానంలోంచి తీసిన ఫొటో చూపించింది. ఇంటి వెనకాల ఇంత నల్లటి చదరం.

"కొత్త షెడ్డు కదండీ ఇది?"

"షెడ్డేంటమ్మా! గడ్డి చావాలని టమాటా మడి మీద పరిచిన టార్పాలిన్ అది!"

మార్వెల్లా నవ్వాపుకోలేకపోయింది. "పైనుంచి చూస్తే కప్పులాగే ఉందండీ. మావాళ్లొచ్చి చూసి, పెంచిన పన్ను తీసేస్తార్లెండి."

"మరి ఆ నారింజ చొక్కావాడో?"

"కాలవ మూతలు చూసుకునే మనిషి. మీ పెరటి వెనక మూత కనపడక ఎవర్నో అడిగాడట."

"నిజంగా నా మీద ఎవరూ చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదండీ."

ఆర్లండ్ అటునుంచటే వెర్లిన్ గుమ్మం ఎక్కాడు. వెర్లిన్ జాలీ తలుపు గొళ్లెం తీయకుండా నిలబడ్డాడు.

"ఏరా, నేనేం చెప్పానో తెలిసిందా ఆఫీసులో?"

"నువ్వేం చెప్పలేదట."

"ఆ మాట నేనే చెప్పుంటే నమ్మేవాడివా?"

ఆర్లండ్ నేల చూపులు చూశాడు. "నమ్మేవాణ్ని కాదురా."

వెర్లిన్ గొళ్లెం తీశాడు గానీ తలుపు తెరవలేదు, లోపలికి నడిచాడు. తలుపు ఆర్లండే తెరుచుకోవాల్సి వచ్చింది.