ఆముదమక్క మచ్చిక చేసిన ఇంజను

ఆముదమక్క రోజూ పొద్దున్నే కొట్టు వెనక పెరట్లో బల్ల వేసుకుని, దానికో చిన్న ఇంజను బిగించి, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేది. రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానాల ఇంజన్లవి, గుప్పిట్లో పట్టేంతవి. కొత్తదాన్ని కొన్నవెంటనే ఎగరేస్తే పాడైపోతుంది. ముందు బల్ల మీదే ఇంధనం కాస్త ఎక్కువగా పట్టించి, నిదానంగా నాలుగైదు టాంకులు తాగనివ్వాలి. ఆ కొట్లో దాన్ని మచ్చిక చేయడం అనేవాళ్ళు. ఇంధనంలో కలిపిన ఆముదం కాలి, తెల్లటి పొగ తియ్యటి వాసనతో పెరడంతా కమ్ముకునేది. ఆవిడకు ఆ పేరు వాసన వల్ల వచ్చిందని కొందరు, ఎప్పుడూ ఆముదం తాగినట్టుండే మొహం వల్ల వచ్చిందని కొందరు అనేవాళ్ళు. ఆవిడ ఎవరినీ కాదనలేదు.

మచ్చిక చేసేవాళ్ళ మనసు ఇంజనుకు పట్టుకుంటుందని అక్కడ అందరికీ తెలుసు. ఆవిడ పంటినొప్పితో ఉన్న రోజు మచ్చిక చేసినది, పైకెక్కేటప్పుడల్లా మూలిగేది. వదినతో పోట్లాడిన రోజుదైతే రెండుసార్లు బతిమాలితే గాని స్టార్టయ్యేది కాదు. అందుకే కొన్నవాళ్ళు, "మీ మనసు కాస్త కుదురుగా ఉన్న రోజు చూసి చెయ్యండి, మాకేం తొందర లేదు," అని దర్జీకి కొలతలు చెప్పినంత మామూలుగా చెప్పి వెళ్ళేవాళ్ళు.

ఏళ్ళ తరబడి ఆ కొట్టుకు ఒక బస్సు డ్రైవరు వచ్చేవాడు. వారం వారం, టాంకులోంచి ఇంజనుకు ఇంధనం పారే ట్యూబు జానెడు కొనుక్కుని వెళ్ళేవాడు. "ఈయన కొన్న ట్యూబంతా కలిపితే ఊరి చుట్టూ తిరిగొస్తుంది," అనేది కౌంటరు చూసుకునే వదిన. ఆముదమక్క విననట్టే ఉండేది. ఆయన రాని వారం మాత్రం చేతిలో స్క్రూలు కింద పడేసుకునేది. ఇద్దరికీ నలభై దాటాయి, ఇద్దరూ ఒంటరివాళ్ళే. ట్యూబు గురించి తప్ప వాళ్ళ మధ్య మాటే లేదు.

ఒకరోజు ఆయన ట్యూబు అడగలేదు.

"ఇంజను కావాలండీ. దూరపు డిపోకి బదిలీ అయింది. వచ్చే సోమవారం వెళ్ళిపోతున్నాను. అక్కడ నాకంటూ ఏదో ఒకటి తోడుండాలి కదా."

ఆవిడ చేతిలో స్క్రూలు కింద పడ్డాయి. వాటిని ఏరుకుంటూ, "టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?" అని అడిగింది.

"మీరే చెప్పండి."

"టూ స్ట్రోక్ తేలిక, జోరెక్కువ. కానీ ఒకటే గోల, పైగా తాగుబోతు. ఫోర్ స్ట్రోక్ బరువు, ఖరీదూ ఎక్కువే. అయితే కాస్త ఇంధనంతోనే చాలాసేపు ఉంటుంది. గొంతు కూడా మెత్తన."

"ఉండేదే ఇవ్వండి."

కౌంటరు దగ్గర వదిన కావాలని దగ్గింది.

ఆ ఇంజను బిగించే విమానాన్ని కూడా ఆవిడ తన చేత్తోనే తయారుచేసింది. టాంకును కార్బొరేటర్‌తో సమానమైన ఎత్తులో కూర్చోబెట్టింది. అది మరీ పైనుంటే ఇంధనం ఊరికే పొంగిపోతుంది, మరీ కిందుంటే విమానం నిటారుగా లేచినప్పుడు ఇంజను గొంతెండిపోతుంది. అదురుకి నురగ రాకుండా టాంకు చుట్టూ స్పాంజి చుట్టింది. ఇక మచ్చిక ఒక్కటే మిగిలింది.

ఏమీ అనుకోకూడదని గట్టిగా నిశ్చయించుకుని, గోడ మీద పెచ్చులు చూస్తూ కూర్చుంది. మొదటి టాంకు అలాగే అయిపోయింది. రెండో టాంకు నడుస్తుండగా పొగ పైకి పోకుండా ఆవిడ చుట్టూ నిలిచిపోయింది. వెలుతురంతా పాలరంగుకు తిరిగింది. ఎక్కడో దూరంగా ఒక బస్సు మలుపు తిరిగినట్టు, కొట్టు ముందు ఆగినట్టు వినిపించింది. లేచి చూడాలనిపించింది. ఆయన వెళ్ళిపోయాక ఏ వారమైనా ఒకటేనని తోచి ఏడుపొచ్చింది. వెళ్ళొద్దు, అనుకుంది. అంతే, ఇంజను చప్పుడు మారిపోయింది. ఇంజను లోపలి పిస్టన్ రింగు మార్చి మళ్ళీ మొదట్నుంచీ చేస్తే ఆ గుణం పోతుంది. కానీ ఆవిడకు చేతులాడలేదు.

ఆదివారం మైదానంలో ఆయన దాన్ని ఎగరేశాడు. ఆముదమక్క నిలబడ్డ వైపు వస్తున్నంతసేపూ ఇంజను హాయిగా పాడింది. అవతలికి ముక్కు తిప్పగానే పొలమారినట్టు దగ్గింది. ఇటు తిప్పితే మళ్ళీ పాట. విమానాలు ఎగరేసేవాళ్ళందరికీ సంగతి అర్థమైపోయింది. అందరూ శుభ్రంగా ఉన్న రెక్కల్నే మళ్ళీ తుడుచుకుంటూ కూర్చున్నారు. చివరికి ఆయన విమానాన్ని దించితే, అది గడ్డిలో దొర్లుకుంటూ వచ్చి ఆవిడ చెప్పుల దగ్గర ఆగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆయన మెళ్ళో రిమోట్‌తో దగ్గరికొచ్చాడు.

"టాంకులో నురగొచ్చిందేమోనండీ?"

"రాదు. స్పాంజి చుట్టాను."

"ట్యూబు నలిగిందేమో?"

"నలగలేదు."

ఆయన నేల చూపులు చూస్తూ, "రింగు మార్చి మళ్ళీ మచ్చిక చేస్తే మామూలైపోతుందటగా. సాయంత్రానికి చేసివ్వగలరా?" అన్నాడు.

సరేనంటే, మాట వినే ఇంజనుతో ఆయన రేపు వెళ్ళిపోతాడు.

"చెయ్యగలను," అంది. వంగి ఇంజను ఆపేసింది. "చెయ్యను."

ఆయన తలెత్తి చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మనిషిలా రెండూ చేశాడు.

"మీరు వెళ్ళే చోట పెరడున్న ఇల్లు దొరుకుతుందా?" అని అడిగింది ఆవిడ. "బల్ల వేసుకోవాలి. పొగొస్తోందని పక్కింటివాళ్ళు గొడవ చేయకూడదు."

"బస్సు దిగగానే ముందు అదే వెతుకుతానండీ."

వదిన ఎప్పుడొచ్చిందో, పక్కన నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "ఏళ్ళ తరబడి చూడలేక చచ్చాను మీ ఇద్దర్నీ," అంటూ చెయ్యి చాపింది. "కొట్టు తాళాలు ఇటివ్వు. ఇక నేను చూసుకుంటాను."

ఆముదమక్క నడుముకు దోపుకున్న తాళాలు తీసి, వదిన చేతిలో పెట్టింది.