దావీదుది కాని కీర్తన

నా భార్య సుభాషిణి భూస్థాపన రోజున, ఆమె ఏళ్ల తరబడి పరిశోధించిన కీర్తన చదవనివ్వలేదు, పాస్టర్ నిరంజన్ చేసిన పని అది, బైబిల్లో ఉన్నవి నూట యాభై కీర్తనలే బ్రదర్, బయటి కీర్తన సమాధి దగ్గర చదవలేను అన్నాడు, ఏడాదిగా నేను ఆయనకు వందనాలు చెప్పలేదు, ఇవాళ ఆమె జ్ఞాపకార్థ కూడిక, జనక్‌పురిలో మా ఇంటికే వచ్చి ఆమె కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు, ఆ కుర్చీలోనే కదా ఆమె హెబ్రీ అక్షరాల మీదకు వంగి ఏళ్లు గడిపింది, ఆ కీర్తన ఉన్న, ఎడారి గుహలో దొరికిన పాత తోలుచుట్ట ఫొటో పక్కన పెట్టుకుని, కుక్కర్ ఎంత కూసినా లేచేది కాదు, పప్పు మాడేది, గిన్నె తోముతూ నేను తిట్టేవాణ్ణి, ఆమె నవ్వేది, నేను పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి, కీర్తన వయసు ఎలా చెబుతావే అంటే, మీ ముత్తాత రాశాడని ఎవరో ఒక పాట తెస్తారు, అందులో సెల్‌ఫోన్ మోగుతుంది, నమ్ముతారా అండీ అనేది, ఇందులోనూ అలాంటి మాటలున్నాయి, దావీదు పోయిన కొన్ని వందల ఏళ్లకు గాని వాడుకలోకి రానివి, రాసినవాడెవరో దావీదులా మాట్లాడాలని ముచ్చటపడ్డాడు పాపం, అంత ఇష్టమైతే దావీదుకే ఇచ్చెయ్యరాదా అన్నాను, ఇష్టమని మీ వయసు తగ్గించి చెబుతున్నానా అంటూ నా నెరిసిన జుట్టు లాగింది.

బ్రదర్, ఇది చర్చి కాదు, ఇల్లే కదా, సిస్టర్‌గారి కీర్తన ఇవాళ చదువుతాను, కాకపోతే దావీదు కీర్తన అని చెప్పి మొదలుపెడతాను, ఎవరు రాశారో తెలియదంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు అంటున్నాడు నిరంజన్, మా అమ్మాయి నేహా నా మోచెయ్యి పట్టుకుని పాపా, మాన్ జాయియే నా, మమ్మీ కే లియే అంటోంది, అమ్మ కోసం ఒప్పుకోమని, ఏడాదిగా కోరుకున్నది ఎదురుగా వచ్చి నిలబడింది, సరే అంటే చాలు, ఆ మాట గొంతు దాకా వచ్చింది, రాసినవాడికి పేరెలాగూ మిగల్లేదు, వాడి కాలమైనా వాడికి ఉండనివ్వాలండీ, జ్వరంతో పడుకుని కూడా అదే అన్నది సుభాషిణి, అబద్ధపు పేరుతో చదివేకంటే చదవకపోవడమే ఆమెకు ఇష్టం, వినాలన్న ఆశ నాది, ఆమె ఎన్నడూ అడగలేదు, వద్దు అన్నాను, మీ పుస్తకంలో ఉన్నదేదో చదవండి, నిరంజన్‌ను క్షమించలేదు, క్షమించను, ఆ కీర్తన చదవాలన్న మాట మాత్రం ఇక నా నోట రాదు, ఆయనతో గాని, నేహాతో గాని, ఎవరితోనూ.