మయిల్‌సామి సీసా

తిరుప్పూరు బనియన్ల కంపెనీలో పదకొండింటికి ఈల మోగితే చెకింగ్ బల్ల చుట్టూ ఉన్న పన్నెండుమంది ఆడవాళ్లు తలలు వెనక్కి వాల్చాలి. కంటి చుక్కల కోసం.

బల్ల అద్దం కింద ట్యూబులైట్లు. నెత్తిన ఫ్యాను, దాని రెక్కల నుంచి రాలే దూది నూగు. బట్టలో సూదిమొనంత కన్నం పట్టుకోవాలంటే రెప్ప వేయకూడదు. మధ్యాహ్నం కాకముందే కళ్లు ఎండిపోయి, ఇసుక పోసినట్టు గరగరలాడతాయి. లేచి ముఖం కడుక్కుంటే పని ఆగుతుంది కదా! అందుకని సూపర్‌వైజరు మయిల్‌సామి ఒకే పెద్ద సీసా పట్టుకుని వరసగా అందరి కళ్లలోనూ తనే పిండుతాడు. ఆఫీసువాళ్లు దీన్ని సదుపాయం అంటారు.

వరసలో వడివు తొమ్మిదోది. ఆమె ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. కుడి కన్నే అన్నం పెడుతోంది.

నాలుగు రోజుల కిందట పొన్నుత్తాయి కళ్లు పుసికట్టి అతుక్కుపోయాయి. నాగా పెడితే కూలి పోతుందని అలాగే వచ్చింది. ఆమెది వరసలో రెండో చోటు. ఇవాళ్టికి ఏడుగురి కళ్లు ఎర్రబడ్డాయి.

మయిల్‌సామి వస్తున్నాడు. ముక్కుపొడుం అంటిన బొటనవేలితోనే ఒక్కొక్కరి కింది రెప్ప లాగుతున్నాడు. సీసా మొన రెప్పకు రాసుకుంటోంది. తుడవడు. అలాగే పక్కామెకి. వడివు దగ్గరికి వచ్చేసరికి ఆ మొన మీద పచ్చటి పుసి, దానికి అంటుకుని ఎవరిదో వెంట్రుక. ఆమె తల పక్కకి తిప్పుకుంది.

"తల ఎత్తవే."

"నాకొద్దన్నా."

"ఏం, రాణిగారికి వేరే సీసా తేవాలా?"

"ఆషాఢంలో విప్పిన సీసా అన్నా అది. మూడు నెలలైంది. నెల దాటితే పారేయమని దాని మీదే రాసుంది. మొన చూడు, ఎట్లుందో."

"చదువులమ్మా! చుక్కలొద్దంటే కన్ను పనికిరాదని రాస్తా. రేపట్నుంచి దారాలు కత్తిరించుకో, సగం కూలికి."

వడివు తన ఒక్క కన్నుతో అతణ్ని చూసింది.

"సరే, వేయించుకుంటా. ముందు నువ్వు వేసుకో. నువ్వూ ఈ నూగులోనే తిరుగుతున్నావు, నీ కళ్లూ ఎర్రగానే ఉన్నాయి."

"ఓస్, అంతేనా?" అని నవ్వుతూ అతను తల వెనక్కి వాల్చాడు. చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ చొక్కా జేబులోకి పోయింది. మూత చుట్టూ సీలు కూడా విప్పని, తన కోసం దాచుకున్న కొత్త సీసా బయటికొచ్చింది.

పొన్నుత్తాయి పుసికళ్లు పెద్దవి చేసుకుని చూసింది. "అది కాదన్నా. మాదే. మాది వేసుకో."

మయిల్‌సామికి నవ్వు ఎండిపోయింది. పన్నెండుమందీ చూస్తున్నారు. కంపెనీ సీసా కంటి దాకా తెచ్చుకున్నాడు. పచ్చటి మొన, వేలాడే వెంట్రుక. చెయ్యి అక్కడే ఆగింది. అందరి ఎదుటా ఓకరించాడు.

"థూ!" అంది పొన్నుత్తాయి. "మూడు నెలలు మా కళ్లలో పిండావు కదరా!"

వడివు లేచి కుళాయి వైపు నడిచింది. ఆమె వెనకాల కుర్చీలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. అద్దం మీద తెల్లబట్ట ఒక్కటే మిగిలింది, కింద లైట్లు వెలుగుతూనే.