ఎర్ర రేకుల మధ్య తెల్ల పువ్వు

నేను ఒక ఓక్ చెక్క పలకను. ఉత్తర ఇంగ్లండులో ఓ చిన్న పట్నంలో, సత్రం గుమ్మం మీద నన్ను బిగించారు. నన్ను చెక్కినవాడు ఆ సత్రం యజమాని వాల్టర్ థోర్లీ. అప్పుడు ఏలుతున్నది యార్క్ వంశం, వాళ్ళ గుర్తు తెల్ల గులాబీ. వాల్టర్ నా మీద ఐదు రేకుల గులాబీ చెక్కి, తెల్ల రంగు వేసి, భార్య మార్జరీని పిలిచి చూపించుకున్నాడు.

1485లో రాజు పిలుపు అందుకుని అతను యుద్ధానికి వెళ్ళాడు. రాజూ చనిపోయాడు, వాల్టరూ తిరిగి రాలేదు. గెలిచి రాజైన హెన్రీ ట్యూడర్ యార్క్ ఆడపడుచును పెళ్ళాడి, తన పక్షం గుర్తైన ఎర్ర గులాబీ మధ్యలో తెల్ల గులాబీని ఇమిడ్చి కొత్త గుర్తు చేయించాడు. అంత నెత్తుటిని మనుషులు రెండు పువ్వులతో చెప్పుకోవడం నాకు వింతే.

మరుసటి వసంతంలో కొత్త రాజు ఆ దారిన వస్తాడని పుకారు పుట్టింది. ఎవరూ ఆజ్ఞాపించకుండానే పట్నం పెద్దలు గుమ్మాల మీద ఇంకా తెల్ల గులాబీలున్నాయేమో చూసి రమ్మని మనుషుల్ని పంపారు. ఎదురింటి తోళ్ళ వ్యాపారి తన గుమ్మం మీది తెల్ల పువ్వును తీయనన్నాడు. రెండు రోజులకు అతని తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద కుండ మాడుతోంది, మనిషి లేడు. ఆ కుండ దించడానికైనా ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

మార్జరీ తమ్ముడు గిల్బర్ట్ గొడ్డలితో వచ్చాడు. "అక్కా, దీన్ని దించి పొయ్యిలో పెట్టేద్దాం."

"ఖాళీ గుమ్మం చూస్తే, ఇక్కడ ఏముండేదని అడుగుతారురా."

"ఇద్దరు ఆడపిల్లల తల్లివి. ఆలోచించుకో."

ఆమె మొగుడి ఉలి తీసుకుని నిచ్చెనెక్కింది. చెక్కడం ఆమెకు రాదు. ఉలి జారిన ప్రతిసారీ నా ఒంట్లోంచి పేడు లేచేది. మూడు రోజుల్లో పాత పువ్వు చుట్టూ ఐదు పెద్ద రేకులు చెక్కి ఎర్ర రంగు పూసింది. వాల్టర్ పువ్వును ముట్టుకోలేదు.

పెద్దల గుమాస్తా వచ్చి నా కింద చాలాసేపు నిలబడ్డాడు.

"లోపలి పువ్వు పనితనం వేరుగా ఉందే. ఎవరు చెక్కారు?"

"నేనేనండీ."

"అంతా నువ్వేనా? మీ ఆయన ఏడి?"

కూతుళ్ళు గడపలో నిలబడి వింటున్నారు.

"నిరుడు జ్వరమొచ్చి పోయాడండీ," అంది మార్జరీ.

అతను తలూపి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అందరూ జ్వరమనే చెప్పారు. ముందు భయంతో, తర్వాత అలవాటుతో. ముసలితనంలో మనవరాలు "తాతయ్య ఎలా పోయాడు?" అని అడిగితే, వీధిలో ఎవరూ లేకపోయినా మార్జరీ తలుపు వేసి, "జ్వరమమ్మా," అనే చెప్పింది.

హెన్రీ వంశం నూట పద్దెనిమిదేళ్ళు ఏలింది. ట్యూడర్ అన్నది వేల్స్ నుంచి వచ్చిన ఓ తాత పేరు. ఏలినవాళ్ళే దాన్ని పెద్దగా చెప్పుకోలేదట. వాళ్ళంతా పోయాక చరిత్రకారులు ఆ కాలం మొత్తానికీ ఆ పేరే పెట్టారు. మార్జరీ మాత్రం తాను బతికిన రోజుల్ని ఏనాడూ అలా పిలవలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో అద్దం వెనక ఉన్నాను. నా పక్కన చీటీ మీద ఇలా రాశారు: 'ట్యూడర్ యుగం. చెక్కినవారెవరో తెలియదు. కొత్త రాజు రాకకు సంతోషించి ఒక కుటుంబం చేయించుకున్న పలక.'